రహస్యపు ఖరారునామా: ఏ రాష్ట్రమున ఏ న్యాయము?



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము వినగానే, ఇది పట్టణములలోని కంపెనీలవారికి గాని మనకెందులకని మీలో కొందరనుకొనవచ్చును. ఒకరి వ్యాపార రహస్యమును పరులకు వెల్లడింపనని వ్రాసియిచ్చెడి ఖరారునామాను గూర్చి నేను చెప్పబోవుచున్నాను. మన పల్లెలలో కొడుకో, మనుమరాలో, మేనల్లుడో అమెరికా దేశమున కొలువు చేయుచున్న ఇండ్లు నేడు కొల్లలుగా గలవు. ఆ కొలువులో చేరునాడు వారు చేవ్రాలు చేసెడి కాగితములలో ఇట్టిది తరచుగా నొకటి యుండును. దానిలోని షరతులకు భయపడి ఇక్కడ పొలమమ్ముకొన సిద్ధపడినవారిని నేను కన్నులార చూచితిని. ఆ సంగతియే మీకు మొదట విన్నవించెదను.

నేను ఒక చిన్న పట్టణమున చాలకాలము ప్లీడరుగా పనిచేసి, ఇపుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడను. కొంతకాలము క్రిందట, వరుసకు నాకు అన్న యగు పొరుగూరి పెద్దమనిషి యొకరు ప్రొద్దున్నే మా యింటికి వచ్చిరి. కూర్చుండుమన్నను కూర్చుండక, "తమ్ముడా, రెండెకరముల మాగాణికి బేరము కుదిరినది. అమ్మకపు దస్తావేజు నీవు చూచి సరియన్నగాని నేను వ్రాలు చేయను" అనిరి. అది ఆయన తండ్రిగారు స్వయముగా నుయ్యి త్రవ్వించిన పొలము. ఏమి కష్టము వచ్చినదని నేనడిగితిని. ఆయన సంచిలోనుండి మడత పెట్టిన కాగితములు తీసి నా చేతికిచ్చిరి.

ఆయన మనుమరాలు కాలిఫోర్నియా రాష్ట్రమున నొక కంపెనీలో కంప్యూటరు పని చేయుచున్నది. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయము టెక్సాసు రాష్ట్రమున నున్నది. పిల్లకు అక్కడి పని పడక మరియొక కొలువు చూచుకొన్నది. ఆ సంగతి తెలిసినంతనే కంపెనీవారు, ఆమె చేరునాడు వ్రాసియిచ్చిన ఖరారునామా ప్రకారము ఇరువదివేల డాలరులు చెల్లింపవలయునని తాకీదు పంపిరి. పిల్ల ఫోనులో ఏడ్చినది. తాతగారు పొలము బేరము పెట్టిరి. ఇదీ కథ.

నేను ఆ కాగితములు రెండుమారులు చదివితిని. అందు ముఖ్యమైన షరతులు నాలుగు గలవు. మొదటిది, కంపెనీలో తెలిసికొన్నదేదియు ఎన్నటికిని ఎవరికిని చెప్పరాదు, వాడుకొనరాదు. రెండవది, కొలువు వీడిన పిమ్మట రెండేండ్లవరకు అట్టి పని మరెక్కడను చేయరాదు. మూడవది, రెండేండ్లు నిండకుండ వీడినచో ఇరువదివేల డాలరులు జరిమానా. నాల్గవది, తగవు వచ్చినచో టెక్సాసు చట్టమే వర్తించును, టెక్సాసు న్యాయస్థానముననే తేల్చుకొనవలెను.

"అన్నగారూ, దస్తావేజు నేను చూడను. మన పిల్ల ఏ రాష్ట్రమున నివసించుచున్నది, ఏ రాష్ట్రమున పని చేయుచున్నది, అది మొదట చెప్పుడు" అంటిని. "రాష్ట్రమేదైన నేమి, అంతయు అమెరికాయే కదా" అని ఆయన యనిరి. పెద్దలారా, ఆయన పొరపడినది ఇక్కడనే. మనలో పెక్కురు పొరపడునదియు ఇక్కడనే.

మన దేశమున ఒడంబడికల చట్టము ఒక్కటే. 1872లో ఏర్పడిన ఆ చట్టమే శ్రీకాకుళమునకును ఆదిలాబాదునకును చెన్నపట్టణమునకును వర్తించును. అమెరికాలో నట్లు గాదు. అక్కడ ఒడంబడికల న్యాయము ముఖ్యముగా రాష్ట్రములది. ఒక రాష్ట్రమున చెల్లెడి షరతు పొరుగు రాష్ట్రమున చెల్లకపోవచ్చును. కాబట్టి కాగితమున ఏమి వ్రాసియున్నదన్న ప్రశ్నకు తోడుగా, ఆ కాగితముపై ఏ రాష్ట్రపు న్యాయము నడచునన్న ప్రశ్న కూడ వేసికొనవలెను.

ఇందొక వింత గలదు, వినుడు. న్యూయార్కు నగరమున డేవిడ్ డడ్లీ ఫీల్డు అను గొప్ప న్యాయవాది యుండెడివాడు. ఆయన నాయకత్వమున 1865 నాటికి ఒక పౌర స్మృతి ముసాయిదా సిద్ధమైనది. న్యాయమైన వృత్తిని గాని వ్యాపారమును గాని చేసికొనకుండ ఒక మనుష్యుని కట్టివేసెడి ఒడంబడిక, ఆ కట్టివేసినంత మేరకు చెల్లదని అందొక సూత్రము గలదు. 1872లో కాలిఫోర్నియా రాష్ట్రము ఆ సూత్రమును తన స్మృతిలో చేర్చుకొన్నది. అదే 1872లో మన ఒడంబడికల చట్టము ఇరువదియేడవ సెక్షనులో ఆ సూత్రమే చేరినది. ఎవరి కొరకు వ్రాయబడినదో ఆ న్యూయార్కు రాష్ట్రము మాత్రము ఆ పౌర స్మృతిని చట్టముగా స్వీకరింపలేదు. కావున ఈ ఒక్క విషయమున మన పల్లెకును కాలిఫోర్నియాకును గల చుట్టరికము, న్యూయార్కునకును కాలిఫోర్నియాకును లేదు.

ఇపుడు ఆ నాలుగు షరతులను ఒక్కొక్కటిగా చూతము.

రెండవ షరతు, మరెక్కడను పని చేయరాదన్నది, కాలిఫోర్నియాలో చెల్లదు. కొంచెము కట్టినను చెల్లదని ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 2008లో స్పష్టముగా తీర్పు చెప్పినది. ఇట్టి షరతు ఎక్కడ వ్రాసికొన్నను, ఎన్నడు వ్రాసికొన్నను తమ రాష్ట్రమున చెల్లదని 2024 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన చట్టము మరియు గట్టిగా చెప్పుచున్నది. అదే పిల్ల టెక్సాసులో నివసించి యున్నచో కథ వేరుగా నుండెడిది. అక్కడి చట్టము, కాలము, ప్రదేశము, పని అను మూడింటికిని తగిన హద్దు లున్నచో అట్టి షరతును అంగీకరించును. అది వేరొక సక్రమమైన ఒడంబడికకు అనుబంధముగా నుండవలెను. యజమాని రహస్యములు తెలుపుదునని మాటయిచ్చి, నిజముగా తెలిపినచో, ఆ మాటయే షరతునకు తగిన ప్రతిఫలమగునని 2006లో టెక్సాసు న్యాయస్థానము చెప్పినది. చూచితిరా, అక్కడ రహస్యపు షరతే పని మానిపించెడి షరతునకు ఊతకర్రగా నిలుచును.

నాల్గవ షరతు, టెక్సాసు న్యాయస్థానమునకే పోవలెనన్నది. కాలిఫోర్నియాలో ముఖ్యముగా నివసించి పనిచేయు ఉద్యోగిని, కొలువిచ్చుటకు షరతుగా, పరరాష్ట్రమున తగవు తేల్చుకొనుమని యజమాని నిర్బంధింపరాదని 2017 నుండి అక్కడ చట్టము గలదు. 2017 జనవరి 1 మొదలు వ్రాసికొన్న ఖరారులకది వర్తించును. ఉద్యోగి కోరినచో ఆ షరతు రద్దగును. అయితే ఆ షరతును గూర్చి బేరమాడునపుడు ఉద్యోగి తరపున ప్రత్యేకముగా న్యాయవాది యుండి యున్నచో ఈ రక్షణ వర్తింపదు. మన పిల్లకు అపుడు న్యాయవాది లేడు.

మూడవ షరతు జరిమానా. హెచ్-1బి వీసాపై వచ్చిన ఉద్యోగి, ఒప్పుకొన్న గడువునకు ముందే వీడినంత మాత్రమున వానివద్ద దండుగ వసూలు చేయరాదని అమెరికా కేంద్రప్రభుత్వపు నియమము. నిజముగా కలిగెడి నష్టమును ముందుగా న్యాయముగా అంచనా కట్టి వ్రాసికొన్న పరిహారమును మాత్రము పుచ్చుకొనవచ్చును. ఒక మొత్తము దండుగయా, పరిహారమా అని తేల్చుటకు మరల రాష్ట్రపు న్యాయమే కొలబద్ద. అనగా ఇరువదివేలని అంకె వేసినంతనే అది అప్పు కాజాలదు. ఆ అంకె ఎట్లు వచ్చినదో యజమాని చూపగలుగవలెను.

ఇక మొదటిది. అసలు రహస్యపు షరతు. "అన్నగారూ, ఈ మూడింటిని గూర్చి భయము తగ్గించుకొనుడు గాని, ఈ మొదటిదానిని మాత్రము తేలికగా చూడకుడు. పిల్ల కంపెనీ కాగితములు గాని, లెక్కలు గాని తన వెంట తీసికొన్నదేమో అడుగుడు" అంటిని. ఆయనకు కోపము వచ్చినది. "మా పిల్ల దొంగ కాదు" అనిరి. అయినను అక్కడనే కూర్చుండి ఫోను చేసిరి. పిల్ల కొంచెము తడబడి, తాను చేసిన పనియే కదా యని, కొన్ని ఫైళ్లు తన సొంత ఈమెయిలుకు పంపుకొన్నట్లు చెప్పినది. ఆయన ముఖము వాడిపోయినది. నాకును మనస్సు చివుక్కుమన్నది. జీతము పుచ్చుకొని చేసిన పని సాధారణముగా జీతమిచ్చినవానిది. తన తెలివి, తన నేర్పు, తన అనుభవము మాత్రము పనివానివే. కుమ్మరి తన చేతివాటము వెంట తీసికొని పోవచ్చును గాని, మోతుబరి యింటి సారెను తీసికొని పోరాదు గదా.

వ్యాపార రహస్యముల రక్షణకు అమెరికాలో 1979లో ఒక నమూనా చట్టము తయారైనది. చాల రాష్ట్రములు దానిని స్వీకరించినవి. టెక్సాసు 2013లో, మసాచుసెట్సు 2018లో స్వీకరించినవి. న్యూయార్కు దానిని స్వీకరింపక పూర్వపు తీర్పులనే ఆధారము చేసికొన్నది. దీనికి తోడు 2016లో కేంద్రప్రభుత్వపు చట్టము కూడ వచ్చినది. కావున కాలిఫోర్నియాలో పని మానిపించెడి షరతు చెల్లకపోయినను, నిజమైన రహస్యమును కాపాడెడి షరతు చెల్లును. అయితే రహస్యమను పేరుతో మనుష్యుని వృత్తినే మూసివేయునంత విశాలముగా వ్రాసినచో, అదియు పని మానిపించుటయే యని అక్కడి అప్పీలు న్యాయస్థానము 2020లో త్రోసిపుచ్చినది.

నేను అమెరికాలో వాదించుటకు అధికారము లేనివాడను. కాబట్టి కాలిఫోర్నియాలోనే యొక న్యాయవాదిని పట్టుకొనుమని పిల్లకు చెప్పితిని. ఆయన ఫీజు రెండెకరముల వెలలో చిన్న భాగము గూడ కాలేదు. ఆయన మొదట చేయించిన పని, తీసికొన్న ఫైళ్లను గూర్చి కంపెనీకి తామే తెలియజేసి, వానిని తిరిగి యప్పగించి, తమవద్ద నేమియు మిగులలేదని వ్రాసియిచ్చుట. పిమ్మట తక్కిన షరతులు ఎందుచేత చెల్లవో చూపుచు జాబు వ్రాసెను. కంపెనీవారు జరిమానా మాట మరల నెత్తలేదు. పొలము నిలిచినది. అందరి తగవులును ఇట్లే సుఖాంతమగునని నేను చెప్పజాలను. కాని తెలిసికొనకమునుపే అమ్మరాదని మాత్రము గట్టిగా చెప్పుచున్నాను.

ఇంకొక సంగతి, ఆడబిడ్డలుగల తలిదండ్రులు ప్రత్యేకముగా వినదగినది. కొలువుచోట జరిగిన అవమానమును, వేధింపును గూర్చి నోరు మెదపరాదని ఖరారు వ్రాయించుకొను ఆచారము కొన్నిచోట్ల ఉండెడిది. చట్టము దీనిని అడ్డగించినది. కొలువుచోట జరిగిన చట్టవిరుద్ధమైన వేధింపును, పక్షపాతమును గూర్చి చెప్పుకొను హక్కును కాలిఫోర్నియా 2022 జనవరి నుండి, వాషింగ్టను రాష్ట్రము అదే సంవత్సరము జూను నుండి కాపాడుచున్నవి. లైంగిక వేధింపు విషయమున, తగవు పుట్టకమునుపే వ్రాయించుకొన్న మౌనపు షరతు చెల్లదని 2022 డిసెంబరులో కేంద్రచట్టము వచ్చినది. న్యూయార్కులో అట్టి ఫిర్యాదును పరిష్కరించుకొనునపుడు మౌనమునకు ఒప్పుకొనెడివారికి 21 దినములవరకు ఆలోచించుకొనుటకును, వ్రాలు చేసిన పిమ్మట 7 దినములలో వెనుకకు తీసికొనుటకును హక్కు గలదు. కావున మీ బిడ్డ "నేను వ్రాసియిచ్చితిని, చెప్పరాదు" అని లోలోపల కుములుచున్నచో, న్యాయవాదితో మాటాడుమని ధైర్యము చెప్పుడు.

ఇపుడు మన దేశపు సంగతి. పని మానిన పిమ్మట కట్టివేసెడి షరతు మన ఇరువదియేడవ సెక్షను ప్రకారము సాధారణముగా చెల్లదు. కొలువులో నున్న కాలమునకు మాత్రము వేరు న్యాయము. కళ్యాణులోని ఒక మిల్లు టైరుల నూలు తయారుచేయు పద్ధతిని హాలెండు కంపెనీవద్ద రహస్యముగా నుంచుదుమని మాటయిచ్చి సంపాదించినది. ఆ పనికి 1963లో ఐదేండ్ల ఖరారుపై చేరిన షిఫ్టు సూపర్వైజరొకడు గడువు తీరకమునుపే ఎక్కువ జీతమునకు పోటీ మిల్లుకు పోయెను. ఆ గడువు తీరువరకు అతడు అట్టి పని మరొకచోట చేయరాదనియు, రహస్యములు చెప్పరాదనియు చేసిన ఉత్తరువును 1967లో సుప్రీముకోర్టు నిలబెట్టినది. అట్లే, కనీసము మూడేండ్లు పనిచేయుదును, లేనిచో రెండులక్షల రూపాయలిత్తునని ఒక ప్రభుత్వ బ్యాంకుకు వ్రాసియిచ్చిన షరతు చెల్లునని 2025 మే నెలలో సుప్రీముకోర్టు చెప్పినది. కాబట్టి ఇక్కడ వ్రాసిన బాండులన్నియు ఉత్తుత్తివని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. అయితే డెబ్బదినాల్గవ సెక్షను ప్రకారము, ఖరారులో వ్రాసిన మొత్తము పరిహారమునకు పైహద్దు మాత్రమే. న్యాయమైన పరిహారమెంతయో న్యాయస్థానము తేల్చును.

చట్టము ఒక్కటే యయినను మన దేశమునను రాష్ట్రమునకొక భేదము గలదు. అది స్టాంపు సుంకము. ఇట్టి ఖరారుల స్టాంపు రేటు రాష్ట్రములే నిర్ణయించును. హైదరాబాదులో వ్రాసినదానికొక రేటు, బెంగుళూరులో వ్రాసినదానికొక రేటు. తగిన స్టాంపు లేని కాగితము న్యాయస్థానమున సాక్ష్యముగా చేరదు. తక్కువపడిన సుంకమును, దానిపై పదిరెట్లవరకు విధింపదగిన జరిమానాను చెల్లించి సరిదిద్దుకొనవలెను. అట్లు సరిదిద్దుకొనదగిన లోపమే గాని, కాగితము మొత్తము చెల్లనిదగుట లేదని 2023 డిసెంబరులో సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వివరించినది.

మీలో కొందరికి మీ సొంత రహస్యములే యుండవచ్చును. తాతలనాటి తైలము పాకము, ఊరగాయ పాళ్లు, నేతలో రంగు కుదిర్చెడి పద్ధతి. పట్టణపు వర్తకుడో, పరదేశమునుండి వచ్చిన బంధువో కలసి వ్యాపారము చేయుదమని యడిగినపుడు, పాకము చెప్పకమునుపే ఖరారు వ్రాయించుకొనుడు. చెప్పిన పిమ్మట వ్రాయించుకొనుట, గొడ్డు పారిపోయిన పిదప దొడ్డితలుపు వేయుట వంటిది. ఆ ఖరారులో నేమేమి యుండవలెనో చెప్పెదను.

ఏది రహస్యమో పేరుపెట్టి వ్రాయుడు. అంతయు రహస్యమే యన్నచో న్యాయస్థానము ఏదియు రహస్యము గాదనవచ్చును. లోకమునకు తెలిసినది, ఎదుటివానికి ముందే తెలిసినది, వాడు మరియొకరివలన న్యాయముగా తెలిసికొన్నది రహస్యము గాదని మినహాయింపు వ్రాయుడు. ఏ పనికొరకు చెప్పుచున్నారో వ్రాయుడు. ఎంతకాలము దాచవలెనో వ్రాయుడు. ఇందును రాష్ట్రభేదము గలదు. జార్జియాలో 2011 నాటి చట్టము ప్రకారము, సంగతి రహస్యముగా నున్నంతకాలము షరతు నిలుచును, గడువు వ్రాయనక్కరలేదు. ఇల్లినాయి రాష్ట్రమున నిజమైన వ్యాపార రహస్యమునకు గడువు లేకున్నను చెల్లును గాని, అంతకు తక్కువైన సమాచారమునకు గడువు వ్రాయకున్నచో న్యాయస్థానములు అంగీకరింపని సందర్భములు గలవు. పని ముగిసిన పిమ్మట కాగితములు తిరిగి యిచ్చివేయవలెనని వ్రాయుడు. ఏ రాష్ట్రపు చట్టము, ఏ ఊరి న్యాయస్థానమో వ్రాయుడు. ప్రభుత్వమునకు ఫిర్యాదు చేయుటను, న్యాయవాదితో మాటాడుటను ఎన్నడును నిషేధింపకుడు. అమెరికాలో 2016 చట్టము ప్రకారము, ఈ మినహాయింపును ఉద్యోగికి తెలుపని యజమాని, ఆ చట్టము క్రింద ఆ ఉద్యోగిపై అధిక పరిహారమును, న్యాయవాది ఖర్చులను కోరుటకు అర్హుడు గాడు. చివరకు, తగిన స్టాంపు వేసి, తేదీయు స్థలమును వ్రాసి, ఇరువైపులవారును వ్రాలు చేసి, తలా యొక ప్రతి యుంచుకొనుడు.

సోదరులారా, మనము వ్రాయెడి పొలము కాగితములలో నాలుగు ఎల్లలును సరిగా వ్రాయకున్నచో తగవు తప్పదని మీకు నేను చెప్పనక్కరలేదు. రహస్యపు ఖరారునకును ఎల్లలు కావలెను. ఏది, ఎవరికి, ఎంతకాలము, ఏ రాష్ట్రమున అనునవే దాని నాలుగు ఎల్లలు. ఇవి తెలియక వ్రాలు చేయకుడు, తెలియక భయపడకుడు.

ఆ పెద్దమనిషి మొన్న మరల మా యింటికి వచ్చిరి. ఈమారు దస్తావేజు లేదు, సంచిలో ఆ మడిలో పండిన క్రొత్త బియ్యము గలవు. "తమ్ముడా, పిల్లకు క్రొత్త కొలువులో మరియొక కాగితమిచ్చిరట. వ్రాలు చేయకమునుపే న్యాయవాదికి చూపినది" అని చెప్పి, ఈసారి తామే పీట లాగుకొని కూర్చుండిరి.

మరియొకమారు కలిసికొందము. సెలవు.